నువ్వుచేను పురుగు

బూర్గంపాడు దాటి అడవిలోకి పోయే దారిలో ఇప్పలగుంపు అని నలభై గడపల ఊరుంది. అక్కడ సోయం పగిడయ్య అంటే ఎవరో చెప్పడానికి కాసేపు ఆలోచిస్తారు. పురుగుల పగిడయ్య అంటే మాత్రం చిన్నపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. ఖమ్మం నుంచి కాలేజీ వాళ్లు రెక్కల పురుగులను చూడటానికి వస్తే ముందు అతన్నే వెతుక్కుంటారు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, రెక్క చూసి అది ఏ ఆకు తిని పెరిగిందో చెబుతాడు. ఈ పిచ్చి నీకెలా పట్టుకుందని అడిగితే మాత్రం చూపు పక్కకు తిప్పుకుంటాడు. ఊళ్లో వాళ్లూ చెప్పరు. తెలియక కాదు.

పగిడయ్య కుర్రతనంలో తేనె తీసేవాడు. తరవాత అటవీశాఖ బేస్ క్యాంపులో వాచర్‌గా కుదిరాడు. మంటలు, దొంగనరుకుళ్లు కనిపెట్టుకుంటూ రోజుకు పదిహేను కిలోమీటర్లు నడిచే పని. భార్య జంపక్క. పుట్టిన ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. ఆ తరవాత ఆ ఇంట్లో వాళ్లిద్దరే.

ఎదురిల్లు ఇర్ప రాఘవమ్మది. మొగుడు పోయి చాలా ఏళ్లయింది. ఎకరం చెలకలో ఏటా తొలకరికి నువ్వులు చల్లేది. తునికాకు కోతకైనా, ఇప్పపువ్వు ఏరడానికైనా జంపక్క, ఆమె కలిసే వెళ్లేవారు. ఒకరింట్లో కూర ఉడికితే రెండో ఇంట్లో గిన్నె సిద్ధంగా ఉండేది. పగిడయ్య ఆమెను వదినె అని పిలిచేవాడు. క్యాంపు నుంచి వారానికోసారి ఇంటికి వచ్చే మనిషికి, తాను లేనప్పుడు ఇంటికి ఎదురుగా ఆమె ఉందన్న ధీమా ఉండేది.

ఆ ఏడు గోదావరి రెండుసార్లు పొంగింది. ఆగస్టులో రెండో వరద తీసిన నాలుగు రోజులకు జంపక్కకు జ్వరం వచ్చింది. మొదటి రోజు పగిడయ్య ఇంట్లోనే ఉన్నాడు. దుప్పటి మీద దుప్పటి కప్పినా ఆమెకు వణుకు తగ్గలేదు. రాఘవమ్మ వచ్చి నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.

"ఇది మామూలు జరం లెక్క లేదు పగిడయ్యా. భద్రాచలం దవాఖానకు తీస్కపో. వాగు ఇప్పుడు తక్కువుంది, ఆటో పోతది" అంది.

"గోలీలు ఇచ్చిన గద వదినె. రేపటికి దిగుతది" అన్నాడతను.

రేపటికి దిగలేదు. అయినా అతను డ్యూటీకి వెళ్లాడు. వెళ్లొద్దని ఎవరూ అనలేదు, సెలవు కావాలని అతనూ అడగలేదు. అడవిలో బతికిన వాళ్లకు జ్వరాలు వస్తుంటాయి, పోతుంటాయి అనుకున్నాడు. ఆ రెండు రోజులూ రాఘవమ్మే జంపక్క దగ్గర కూర్చుంది. నేలవేము కషాయం కాచి తాగించింది, తడిగుడ్డలు మార్చింది.

మూడో రోజు పొద్దుగూకే వేళకు పగిడయ్య ఇంటికి వచ్చాడు. జంపక్క కళ్లు తెరిచే ఉన్నాయి, కానీ అతన్ని చూడటం లేదు. బల్బు వెలిగించి మంచం పక్కన కూర్చున్నాడో లేదో, తలుపులోంచి ఏదో పిట్టంత పురుగు దూసుకొచ్చింది. బల్బు చుట్టూ రెండు చుట్లు కొట్టి జంపక్క తలాపున ద్వారబంధం మీద వాలింది. పగిడయ్య కండువాతో కొట్టాడు. అది కింద పడి కీచుమని అరిచింది. ఎలుకపిల్ల అరిచినట్టుగా, పదేపదే. పురుగు అలా అరవడం అతనికి తెలియదు. వంగి చూస్తే నల్లటి దాని వీపు మీద పసుప్పచ్చ మచ్చ, ఆ మచ్చలో రెండు నల్లటి గుంటలు. మనిషి పుర్రె తననే చూస్తున్నట్టనిపించింది.

"ఎవరొచ్చిండ్రు?" అంది జంపక్క. ఆమె తెలివితో మాట్లాడిన ఆఖరి మాట అదే.

అరుపు విని రాఘవమ్మ వచ్చింది. బెదరలేదు. వంగి, చీరచెంగు కూడా అడ్డం పెట్టుకోకుండా, చేత్తోనే ఆ పురుగును ఎత్తి బయట చెట్టు మీద వదిలి వచ్చింది. వచ్చి, "ఇప్పుడన్న తీస్కపో. నేను కూడ వస్త" అంది.

"తెల్లారనీ" అన్నాడు పగిడయ్య.

తెల్లవారేసరికి పైన ఎక్కడో కురిసిన వానకు వాగు పొంగింది. కల్వర్టు మీద నడుములోతు నీళ్లు. ఆటో అవతలి ఒడ్డునే ఆగిపోయింది. మధ్యాహ్నం దాకా చూసి, తగ్గదని తెలిశాక నలుగురు మంచం ఎత్తుకుని వాగు దాటించారు. ఆటో సారపాకలోకి వచ్చేసరికి పేపరు మిల్లు షిఫ్టు వదిలారు. ఆ సైకిళ్లు, మోటారు సైకిళ్ల మధ్య దారి దొరికేలోగా, గోదావరి వంతెన ఇంకా ఎక్కకముందే, జంపక్క ప్రాణం పోయింది. రాఘవమ్మ ఒళ్లో ఆమె తల ఉంది. డ్రైవరు ఆటో ఆపి వెనక్కి చూశాడు. అతనే బండి వెనక్కి తిప్పాడు.

తరవాతి రోజులు పగిడయ్యకు సరిగ్గా గుర్తులేవు. వచ్చిన వాళ్లంతా ఒకటే అడిగేవారు, ఎన్ని రోజులు జ్వరం ఉంది, దవాఖానకు ఎందుకు తీసుకుపోలేదు అని. అడిగిన ప్రతిసారీ అతను లేచి పెరట్లోకి వెళ్లేవాడు. మూడో నాడో నాలుగో నాడో, ఆ ప్రశ్నకు జవాబుగా, ఆ పురుగు సంగతి చెప్పాడు. విన్నవాళ్లు ఆ ప్రశ్న మరచిపోయారు. పుర్రె ముఖం ఉందా, ఆడమనిషిలా అరిచిందా అని అడిగారు. రెండోసారి చెప్పేటప్పుడు అతనికి కాస్త తేలికగా అనిపించింది.

పదకొండో రోజు దినానికి ఊరంతా కూడింది. అన్నాలయ్యాక రాఘవమ్మ పెరట్లో కోళ్లు మట్టి గీకుతుంటే ఒక కాయ లాంటిది బయటపడింది. బొటనవేలంత లావు, చింతగింజ రంగులో నిగనిగలాడుతోంది. పగిడయ్య తమ్ముడు జంపయ్య దాన్ని పుల్లతో కదిపాడు. అది ఒళ్లు మెలితిప్పింది. గుడ్డలో చుట్టిన శవంలా ఉందని ఎవరో అన్నారు. ఇంతలో మరెవరో, ఈ మధ్య అటువంటి పురుగు ఈ పెరట్లోంచే ఎగిరిపోతుంటే చూశామన్నారు.

"నువ్వుచేను పురుగు అది. మట్టిలకు పోయి గట్ల అయితది. మళ్ల రెక్కలొచ్చి లేస్తది" అంది రాఘవమ్మ. ఆమె చెబుతుండగానే ఎవరో నేలలో ఏం పాతిపెట్టావని అడిగారు.

అప్పుడు ఊరి పెద్ద పగిడయ్య వైపు చూశాడు. "నువ్వేమంటవ్?"

ఆ క్షణాన్ని పగిడయ్య తరవాత వేలసార్లు తలచుకున్నాడు. మా ఆవిడకు చాకిరీ చేసిన మనిషి ఆమె, ఊరుకోండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. రాఘవమ్మ అతన్నే చూస్తూ నిలబడి ఉంది. మొదటి రోజే దవాఖానకు తీసుకుపొమ్మని చెప్పింది ఆమె ఒక్కతే. ఆ సంగతి తెలిసినదీ ఆమె ఒక్కతే.

"ఆ పురుగొచ్చిన తెల్లారే నా పెండ్లాం పోయింది. దాన్ని ఈమె చేత్తోని పట్టింది, నేను కండ్లార చూసిన. కషాయం తాపింది గూడ ఈమెనే" అన్నాడు.

చెప్పినవన్నీ నిజాలే. అబద్ధం ఒక్కటీ లేదు.

ఎవరూ ఆమె మీద చెయ్యి చేసుకోలేదు. ఇప్పటికీ ఊళ్లో వాళ్లు ఆ మాటే చెప్పుకుని సర్దుకుంటారు. కానీ మరునాటి నుంచి ఆమె బోరింగు దగ్గరకు వస్తే మిగతా ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకు జరిగేవారు. కూలికి పిలిచేవాళ్లు లేరు. నువ్వులు కోతకు వస్తే బదులు పనికి ఒక్కరూ రాలేదు. ఒంటరిగా కోసినంత కోసింది. మిగతా కాయలు ఎండి పగిలి గింజలు చేలోనే రాలిపోయాయి. దీపావళి ముందు ఒక ఉదయం ఇంటికి తాళం వేసి, మూట ఒకటి పట్టుకుని ఆటో ఎక్కింది. మధిర దగ్గర చెల్లెలి కూతురు శ్యామల ఉంది, అక్కడికి. క్యాంపు దారి మలుపులో పగిడయ్య నిలబడి ఉన్నాడు. ఆటో అతని ముందు నుంచే వెళ్లింది. ఆమె తల తిప్పలేదు.

రెండేళ్లు గడిచాయి. మళ్లీ ఆగస్టులో ఉషారాణి అనే లెక్చరరు ఖమ్మం నుంచి వచ్చింది. కాలేజీలో జంతుశాస్త్రం చెబుతుంది. ఈ అడవిలో ఏయే రెక్కల పురుగులున్నాయో రాసుకోవడానికి అనుమతి తెచ్చుకుంది. తోడుగా పగిడయ్యను పంపారు. చీకటి పడేముందు క్యాంపు ముందు తెల్లగుడ్డ కట్టి, దాని ముందు దీపం పెట్టాలి. తెల్లవారుజామున గుడ్డ మీద వాలినవాటిని చూసుకోవాలి. ఇదేం పని అనుకుంటూనే పగిడయ్య గుంజలు పాతాడు.

రెండో రోజు తెల్లవారుజామున ఇంకా మసక వెలుతురు ఉండగా గుడ్డ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. గుడ్డ కింది అంచున అది ఉంది. అదే నల్లటి ఒళ్లు, వీపు మీద అదే ముఖం. అతని కాళ్లు వెనక్కి పడ్డాయి.

"ఏమైంది పగిడయ్య గారూ?" అంటూ ఉషారాణి వచ్చింది. చూడగానే ఆమె ముఖం విప్పారింది. రెండు వేళ్లతో నెమ్మదిగా దాన్ని పట్టుకుంది. అది కీచుమంది. పగిడయ్య చెవులు మూసుకోబోయి ఆగాడు.

"భయపడకండి. బెదిరించడానికి అరుస్తుంది, అంతే. లోపలికి పీల్చిన గాలిని తొండంలోంచి బయటికి తోస్తుంది. మనం ఈల వేసినట్టు" అందామె. "వీటిని హాక్ మాత్ అంటారు. డేగలాగా దూసుకుపోతాయని ఆ పేరు. ఈ ముఖం ఉన్నవి మన దగ్గర రెండు రకాలు. ఏదో చూద్దాం, ఆ వెనక రెక్క కనబడేలా కొంచెం టార్చి పట్టండి."

అతను టార్చి పట్టాడు. ఆమె ముందు రెక్కను పక్కకు జరిపింది. కింద పసుపుకొమ్ము రంగులో చిన్న రెక్క, దాని మీద రెండు నల్లటి పట్టీలు.

"రెక్క మొదట్లో పెద్ద నల్లమచ్చ ఉంటే అది పెద్ద రకం. దీనికి లేదు, మొదలంతా పసుపే. ఇది చిన్నది. పొలాల దగ్గర తిరిగేది ఇదే."

"ఇది ఏం తింటది మేడం?"

"పురుగుగా ఉన్నప్పుడు నువ్వు ఆకు. వంగ, మల్లె కూడా తింటుంది గాని నువ్వుచేను దొరికితే వదలదు. రెక్కలొచ్చాక తేనె. పూలలోది కాదు, సరాసరి తేనెపట్టులోకే దూరుతుంది. దీని ఒంటి వాసన తేనెటీగల వాసనలాగే ఉంటుంది, అందుకని అవి పట్టించుకోవు. ఒక్కోసారి కనిపెట్టి కుట్టి చంపేస్తాయి."

పగిడయ్యకు పాతికేళ్ల కిందటి మద్దిచెట్టు తొర్ర గుర్తుకొచ్చింది. తేనె తీస్తుంటే లోపల మైనంలో ఇరుక్కుని చచ్చిన నల్లటి పెద్ద పురుగు చేతికి తగిలింది. దాన్ని తీసి పారేసి చేతులు నాకాడు. ఆ రోజు దానికి ముఖం ఉందో లేదో చూడనే లేదు.

పురుగు మీంచి చూపు తిప్పకుండా అడిగాడు. "మనిషి చావు దీనికి ముందుగల తెలుస్తదా మేడం?"

ఉషారాణి అతని ముఖంలోకి చూసింది. ఎందుకడిగాడని అడగలేదు. "నాలుగు వారాలు బతికితే దీనికే గొప్ప. వెలుతురు కనబడితే ఇంట్లోకి వస్తుంది. అంతకు మించి దానికేమీ తెలియదు" అని దాన్ని పొద మీద వదిలింది.

ఆమె వెళ్లిపోయాక పగిడయ్య మనసు ఒక చోట నిలవలేదు. పెద్ద చదువులు చదివిన మేడం చెప్పింది నిజమే కావచ్చు, అయినా తన కళ్లతో చూడాలనిపించింది. జంపయ్య చేలో ఆలస్యంగా వేసిన నువ్వులున్నాయి. వెతగ్గా వెతగ్గా ఒక ఆకు కింద దొరికింది. తన మధ్యవేలంత పచ్చటి పురుగు, ఒంటికి ఏటవాలుగా పసుపు గీతలు, తోక చివర మెలితిరిగిన కొమ్ము. ముట్టుకుంటే దవడలు కిటకిటమనిపించింది. సగం మట్టి నింపిన కుండలో దాన్ని వేసి, క్యాంపు వెనక ఉంచి, రోజూ నువ్వుకొమ్మలు తెచ్చిపెట్టాడు. వారానికి మేత మానేసింది. పచ్చటి ఒళ్లు మాసిపోయి, మట్టి మీద అటూ ఇటూ తిరిగి, ఒక సాయంత్రం లోపలికి దూరింది. పది రోజులు ఓపిక పట్టి పై మట్టి మెల్లగా తీసి చూశాడు. చింతగింజ రంగు కాయ. ముట్టుకుంటే ఒళ్లు మెలితిప్పింది.

రాఘవమ్మ పెరట్లో ఊరంతా మూగి చూసింది దీన్నే. ఆమె ఆనాడు చెప్పినదానికి, ఈ కుండలో జరిగినదానికి ఒక్క మాట తేడా లేదు. మరో వారానికి అది పగిలి, తడి రెక్కలతో బయటికి వచ్చి, కుండ అంచు పట్టుకుని ఆరేదాకా వేలాడింది. వీపు మీది ముఖం మెల్లగా తేటపడుతూ కనబడింది. ఇప్పుడది అతనికి పుర్రెలా అనిపించలేదు. పసుపు మచ్చ, రెండు చుక్కలు. అంతే.

జంపయ్యను పిలిచి చూపించాడు. జంపయ్య చాలాసేపు చూసి, "గిప్పుడెందుకన్నా ఇవన్నీ" అని వెళ్లిపోయాడు.

రెండు రోజులు సెలవు పెట్టి పగిడయ్య మధిర బస్సెక్కాడు. శ్యామల ఇల్లు ఊరి చివర, రైలు పట్టాలకు దగ్గరగా ఉంది. రాఘవమ్మ అరుగు మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఈ రెండేళ్లలోనే నడుము వంగిపోయింది. అతన్ని చూసి పని ఆపలేదు.

"కూసో" అంది.

అతను కింద కూర్చుని, తెల్లగుడ్డ దగ్గర్నుంచి కుండ దాకా అంతా చెప్పాడు. ఏయే రోజు ఏం జరిగిందో, రెక్క మీద పట్టీలు ఎన్ని ఉన్నాయో కూడా చెప్పాడు. ఆమె అడ్డు రాకుండా విన్నది.

"చిన్నప్పుడు మా నాయిన చేన్ల వాటిని పట్టుకొని చెవికాడ పెట్టుకునేటోళ్లం, అరుస్తయని. అవి నాకు కొత్తనా?" అంది చివరికి. "నేను చెప్పిన్నాడు ఇనకపోతివి. మేడం చెప్తె ఇన్నవ్."

"తప్పయింది వదినె. నాకు అప్పుడు తెల్వక..."

"పురుగు సంగతి తెల్వక గాదు." ఆమె గొంతు పెరగలేదు. "దవాఖానకు తీస్కపో అని నేను అన్న. అది నాకు తెలుసు. నన్ను చూసినప్పుడల్ల నీకు అదే యాదికొస్తది. అందుకే నేను ఆ ఊర్ల ఉండొద్దనుకున్నవ్."

పగిడయ్య తనకు తాను ఎన్నడూ చెప్పుకోని మాట అది. ఆమె రెండేళ్లుగా దాన్ని మోస్తూ మిరపకాయలు ఒలుస్తోంది.

"ఈ మాట ఊర్ల చెప్తవా?" అని అడిగింది.

"చెప్త."

"చెప్పు మరి" అని మళ్లీ పనిలో పడింది. శ్యామల అన్నం పెట్టింది. తిన్నాడు గాని ఏం తిన్నాడో తెలియదు.

ఆ దసరా ముందు ఊరి పనుల మీద అందరూ కూడినప్పుడు పగిడయ్య లేచి నిలబడ్డాడు. పురుగు గురించి మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. "పురుగు ముచ్చట ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు. "మొదటి దినమే దవాఖానకు తీస్కపొమ్మని రాఘవమ్మ వదినె చెప్పింది. నేను పోలే. మూడో దినం మళ్ల చెప్పింది. తెల్లారనీ అన్న. నా పెండ్లాం నా వల్లనే పోయింది. ఆమె మీదికి నూకిన."

ఊరి పెద్ద చుట్ట ఆర్పి, అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకులే అన్నాడు. బిందె పక్కకు జరుపుకున్న ఆడవాళ్లలో ఒకామె లేచి ఇంటికి వెళ్లిపోయింది. తరవాత దారి మరమ్మతు సంగతి మాట్లాడుకున్నారు. జంపయ్య నెల రోజులు అన్నతో మాట్లాడలేదు. ఊరినంతా తప్పుపట్టాడని అతని కోపం.

పగిడయ్య శ్యామల నంబరుకు ఫోను చేశాడు. "చెప్పిన వదినె. ఇగ నువ్వు రావచ్చు" అన్నాడు.

"ఇల్లు పడిపోయిందంట గద" అంది రాఘవమ్మ.

మొన్నటి వానలకు వెనక గోడ కూలి పైకప్పు ఒరిగిన మాట నిజమే. "నేను లేపుత. ఎండకాలం లోపట అయిపోతది."

"వద్దులే. ఇక్కడ పత్తి ఏరేదుంది" అని ఫోను శ్యామలకు ఇచ్చేసింది.

అయినా అతను గోడ కట్టడం మొదలుపెట్టాడు. సెలవు దొరికినప్పుడల్లా ఒక్కడే మట్టి తొక్కి వరస మీద వరస పేర్చాడు. గోడ నడుమెత్తు లేచిన మాఘమాసంలో శ్యామల ఫోను చేసింది. రాఘవమ్మకు ఆయాసం వచ్చిందని, ఖమ్మం పెద్ద దవాఖానలో వారం ఉన్నదని, మొన్న పోయిందని చెప్పింది. మట్టి కూడా చేసేశామంది.

పగిడయ్య మళ్లీ మధిర వెళ్లాడు. శ్యామల అతన్ని పట్టాల అవతలకు తీసుకువెళ్లి పూడ్చిన చోటు చూపించింది. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. అక్కడ అతను ఏడవలేదు. తిరిగి బస్టాండుకు వచ్చి బల్ల మీద కూర్చున్నాక అడిగాడు.

"పోయేముందు నా గురించి ఏమన్న అన్నదా బిడ్డా?"

శ్యామల కాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పడానికి కాదు, గుర్తు చేసుకోవడానికే.

"ఏమీ అనలేదు బాబాయ్. మీ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు" అంది.

అతను తల ఊపాడు. తిట్టి ఉంటే బాగుండుననుకున్నాడు. ఖమ్మం బస్సు వచ్చేదాకా ఇద్దరూ ఆ బల్ల మీదే కూర్చున్నారు. బస్సు ఎక్కేటప్పుడు శ్యామల ఒక నీళ్ల సీసా కొని కిటికీలోంచి అందించింది, చాలా దూరం పోవాలి కదా అని.